కండలో కొవ్వు కోసం డ్యూరాక్ మగపంది: జన్యువు వాటా ఎంత, మేత వాటా ఎంత?

పలమనేరు_ఫారం

అందరికీ నమస్తే. పలమనేరు పక్కన పందుల ఫారం. 22 తల్లి పందులున్నాయి. అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్ సంకరాలే, కొన్నిటిలో నాటు రక్తం పావు వంతు దాకా ఉంది. ఏడు నెలలకు 85 కిలోల దగ్గర అమ్ముతున్నాం, ఎక్కువ భాగం బెంగళూరుకు పోతుంది. అక్కడ చాప్స్ చేసే కొనుగోలుదారు ఒకాయన, కండ మధ్యలో తెల్లటి చారలున్న మాంసం ఇస్తే ధర పెంచుతానంటున్నారు. మా పంది వెన్ను కండ అడ్డంగా కోస్తే అంతా ఒకే గులాబీ రంగు, చారలు లేవు. వీపు మీద కొవ్వు మాత్రం 25 మిల్లీమీటర్లు దాటుతోంది. అంటే కొవ్వుకేం కొదవ లేదు, ఆయనకు కావలసిన చోట లేదు.

డ్యూరాక్ అనే ఎర్ర పంది జాతి మగపందిని ఒకదాన్ని తెస్తే సరిపోతుందా? కండ కొవ్వుకు ఫలానా జన్యువు అని ఉంటే టెస్టు చేయించి కొనొచ్చా? నాటు పందికి కొవ్వెక్కువ అంటారు కదా, నాటు రక్తమే ఇంకా పెంచితే? కొవ్వు శాతం కొలిచేదెట్లా? కంటితో చూసి చెబితే కొనేవాళ్లు ఒప్పుకోవడం లేదు.

మేత: మొక్కజొన్న, నూనె తీసిన తవుడు, చెనక్కాయ పిండి, మినరల్ మిక్చర్. హోటళ్ల మిగులు వాడం.

జన్యుశాస్త్రం_తిరుపతి

అన్నా, వీపు కొవ్వు వేరు, కండ కొవ్వు వేరు అని మీరే కనిపెట్టారు కాబట్టి నేరుగా అక్కడి నుంచే మొదలుపెడతాను.

పంది ఒంట్లో కొవ్వు ఒక వరసలో పడుతుంది. ముందు మూత్రపిండాల చుట్టూ, తర్వాత చర్మం కింద, తర్వాత కండకూ కండకూ నడుమ, అన్నిటికన్నా ఆఖర్న కండ లోపల. కండ నారల్ని కట్టలుగా చుట్టి ఉంచే పలుచని పొరలు ఉంటాయి. ఆ పొరల్లో ఇంకా కొవ్వు కణాలుగా మారని లేత కణాలు ఉంటాయి. అవి ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు కొవ్వు కణాలవుతాయి, అయ్యాక ఎంత కొవ్వు నింపుకుంటాయి అనేవాటి మీదే చారలు ఆధారపడతాయి. ఈ మూడింట్లోనూ జన్యువుల చెయ్యి ఉంది. కాకపోతే ఆ జన్యువులు ఒకటో రెండో కాదు, పంది క్రోమోజోముల మీద వందల చోట్ల పరుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి చేసేది కొంచెమే.

ఒకే మందలో, ఒకే మేత మీద, ఒకే బరువుకు కోసిన పందుల్లో కనబడే తేడాలో దాదాపు సగం జన్యువుల వల్ల వస్తుంది. పుస్తకాల్లో దీన్నే హెరిటబిలిటీ 0.5 అంటారు. ఈతకు పుట్టే పిల్లల సంఖ్యకు ఇది 0.1 దగ్గర ఉంటుంది. దాంతో పోలిస్తే కండ కొవ్వు ఎంపికకు బాగా లొంగే గుణం. వీపు కొవ్వుతో దీనికున్న జన్యు సంబంధం మాత్రం అంత గట్టిది కాదు, 0.2 నుంచి 0.4 మధ్య. అందుకే వీపు మీద 25 మిల్లీమీటర్లున్నా మీ కండలో చారలు లేవు. ఆ సంబంధం గట్టిగా లేకపోవడం మీకు మంచిదే, వీపు కొవ్వు పెంచకుండా కండ కొవ్వు పెంచే దారి తెరిచి ఉన్నట్టు.

ఇక జాతుల లెక్క. యార్క్‌షైర్, లాండ్రేస్, పీట్రెయిన్‌లలో వెన్ను కండ కొవ్వు సాధారణంగా 1 నుంచి 2 శాతం. డ్యూరాక్‌లో 2.5 నుంచి 4. చైనాలోని లైవూ అనే జాతిలో 10 శాతం దాకా పోతుంది. ఈ గుణానికి సంకర బలం, అంటే రెండు జాతులు కలిపినందుకు పిల్లల్లో అదనంగా వచ్చే లాభం, చాలా తక్కువ. కాబట్టి పిల్లల సగటు, తల్లిదండ్రుల సగటుకు సరిగ్గా నడుమ పడుతుందని లెక్క వేసుకోవచ్చు. మీ తల్లులు 1.6, డ్యూరాక్ 3.5 అనుకోండి. పిల్లలు 2.55. అందులోంచి ఆడపిల్లను ఆపుకుని మళ్లీ యార్క్‌షైర్‌తో దాటిస్తే 2.07కు దిగిపోతుంది. తిన్నప్పుడు తేడా తెలియాలంటే సుమారు 2 నుంచి 2.5 శాతం దాటాలి. కాబట్టి డ్యూరాక్‌ను మందలో కలిపేయడం కన్నా, అమ్మకపు పిల్లలకు తండ్రిగా మాత్రమే వాడండి. తల్లుల వరస యార్క్‌షైర్‌గానే ఉండనివ్వండి, పిల్లల సంఖ్య, పాలు అక్కడి నుంచి రావాలి.

అయితే డ్యూరాక్ అన్న పేరు ఒక్కటే చూసి కొనకండి. సన్నకండ కోసం తరాల తరబడి ఎంచిన డ్యూరాక్ వరసలు ఉన్నాయి, వాటిలో కండ కొవ్వు 2 దగ్గరే ఆగిపోతుంది. ఎర్ర రంగు కూడా సాక్ష్యం కాదు. ఆ రంగు ఎంసీ1ఆర్ అనే జన్యువుది, చారలతో దానికి పని లేదు. ఇంకో మాట. డ్యూరాక్‌ను యార్క్‌షైర్ మీద దాటిస్తే పిల్లలు తెల్లగానే పుడతాయి. యార్క్‌షైర్ తెలుపు కిట్ జన్యువు వల్ల వస్తుంది, ఎరుపును కప్పేస్తుంది. పిల్లలు తెల్లగా ఉన్నాయని మగపంది అసలుది కాదనుకోవద్దు.

నాటు రక్తం సంగతి. నాటు పందికి కొవ్వెక్కువ అనే మాట నిజమే, కానీ అది చాలావరకు చర్మం కింది కొవ్వు. అవి చిన్న ఒళ్లువి, ఎదుగుదల త్వరగా ఆగిపోతుంది. మీ 85 కిలోల యార్క్‌షైర్ ఇంకా కండ కడుతున్న వయసులో ఉంటే, నాటు పంది 50 కిలోలకే కొవ్వు దశలోకి వచ్చేస్తుంది. ఇప్పటికే వీపు 25 ఉన్న మందలో నాటు వాటా ఇంకా పెంచితే వీపే పెరుగుతుంది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ రకం ఎస్‌వీవీయూ-టీ17లో యార్క్‌షైర్ 75, నాటు 25 శాతం. మన ఎండలకు, మన మేతకు ఆ పాళ్లు చాలు.

జన్యు టెస్టుల గురించి విడిగా రాస్తాను, అక్కడ జాగ్రత్తగా ఉండాల్సినవి చాలా ఉన్నాయి.

జన్యుశాస్త్రం_తిరుపతి

టెస్టులు.

మొదటిది ఆర్‌వైఆర్1, పాత పేరు హాలోథేన్ జన్యువు. 6వ క్రోమోజోము మీద ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మారడమే జబ్బుకు మూలమని 1991లో తేలింది. కండ కణంలో కాల్షియం తలుపు సరిగా మూసుకోదు. చెడ్డ ప్రతులు రెండూ ఉన్న పంది లారీ ఎక్కించేటప్పుడు, ఎండలో తోలేటప్పుడు ఒళ్లు కాలిపోయి బిగుసుకుని చచ్చిపోతుంది. బతికి కోతకు వచ్చినా మాంసం పాలిపోయి, మెత్తగా, నీళ్లు కారుతూ ఉంటుంది. ఒక్క ప్రతి ఉన్నా నీళ్లు కారే ప్రమాదం కొంత ఉంటుంది. ఇది కండను పెంచి కొవ్వును తగ్గించే జన్యువు, కాబట్టి మీ అవసరానికి రెండు విధాలా ఎదురు. పలమనేరు నుంచి బెంగళూరు దాకా లారీలో పంపేవాళ్లు ఈ టెస్టు లేకుండా మగపందిని కొనకూడదు. రెండు ప్రతులూ మంచివైతేనే తీసుకోండి.

రెండోది ఐజీఎఫ్2. 2003లో దొరికింది. 2వ క్రోమోజోము మీద, ఈ జన్యువు మూడో ఇంట్రాన్‌లో (ప్రోటీన్ తయారీలోకి రాని నడిమి ముక్కలో) 'జీ' అక్షరం ఉండాల్సిన చోట 'ఏ' అక్షరం వచ్చిన పందుల్లో పుట్టుక తర్వాత కండలో ఈ జన్యువు మూడు రెట్లు పనిచేస్తుంది. కండ పెరుగుతుంది, వీపు కొవ్వు తగ్గుతుంది. ఇందులో అసలు కీలకం, తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే పనిచేస్తుంది. తల్లి ఇచ్చినది నోరెత్తదు. ఏఏ మగపందిని, అంటే రెండు ప్రతుల్లోనూ 'ఏ' ఉన్నదాన్ని, వాడితే తల్లులు ఏవైనా పిల్లలన్నిటిలో వీపు తగ్గుతుంది. ఏజీ అయితే సగం పిల్లల్లో. తల్లుల్ని టెస్టు చేయించడం అమ్మకపు పిల్లల వరకు డబ్బు దండగ. కండ లోపలి కొవ్వు మీద దీని ప్రభావం ఒక్కో మందలో ఒక్కోలా ఉంటుంది. మీ వీపు 25 కాబట్టి ఏఏ వచ్చిన డ్యూరాక్‌ను వదులుకోనక్కర్లేదు, పిల్లల కండ కొవ్వు కొలిచి నిర్ణయించండి.

మూడోది ఎల్‌ఈపీఆర్, ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్‌ను అందుకునే జన్యువు. స్పెయిన్‌లోని ఐబీరియన్ పందుల్లో, కొన్ని డ్యూరాక్ వరసల్లో దీని టీ రూపం ఉంటుంది. రెండు ప్రతులూ టీ అయిన పంది ఎక్కువ తింటుంది, వీపు కొవ్వూ కండ కొవ్వూ రెండూ పెరుగుతాయి. కానీ ఇది అణిగి ఉండే రూపం. మీ యార్క్‌షైర్ తల్లుల్లో టీ లేకపోతే, టీటీ మగపందిని తెచ్చినా పిల్లల్లో ఒక్క ప్రతే ఉంటుంది, ఫలితం సున్నా. మీ పద్ధతిలో దీని టెస్టు అక్కర్లేదు. ఎవరైనా ఇదే చూపించి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

ఎంసీ4ఆర్ కూడా ఆకలి జన్యువే, దాని ఒక రూపం ఉన్న పంది త్వరగా పెరుగుతుంది, వీపు కొవ్వూ పెరుగుతుంది. ఎఫ్‌ఏబీపీ3 గురించి చాలాచోట్ల చదువుతారు. కండ కొవ్వుకు మొదట బాగా పేరొచ్చిన జన్యువు ఇదే, ఒక మందలో పనిచేసిన గుర్తు ఇంకో మందలో పనిచేయలేదు. దాని మీద ఆధారపడొద్దు. ఎస్‌సీడీ వేరే రకం. దాని మంచి రూపం ఉన్న డ్యూరాక్‌లో కొవ్వు మొత్తం మారదు, అందులో ఒలేయిక్ ఆమ్లం అనే రకం కొవ్వు వాటా పెరుగుతుంది. రుచి కోసం అడిగే కొనుగోలుదారుకు పనికొస్తుంది, చారలకు కాదు.

హాంప్‌షైర్ జాతి రక్తం ఉన్న మగపందిని ఎవరైనా చూపిస్తే పీఆర్‌కేఏజీ3 జన్యువు టెస్టు అడగండి. 15వ క్రోమోజోము మీది ఆ మార్పు 2000లో బయటపడింది. అది ఉంటే కండలో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం 70 శాతం దాకా ఎక్కువ నిల్వ ఉంటుంది, కోశాక పీహెచ్ (ఆమ్ల స్థాయి కొలత) మరీ దిగిపోతుంది, వండితే బరువు తరిగిపోతుంది.

మొత్తానికి, కండ కొవ్వు ఎక్కువని ఒక్క టెస్టుతో చెప్పగల జన్యువు లేదు. టెస్టు చెడ్డవాటిని తీసేయడానికి పనికొస్తుంది. మంచివాటిని పట్టాలంటే కండను కొలవాల్సిందే.

మాంసం_ల్యాబ్

కొలత గురించి నేను చెప్తాను. ఇక్కడ చేసే తప్పు జన్యువుల వల్ల వచ్చే తేడా కన్నా పెద్దదైపోతుంది, అందుకే వివరంగా.

చోటు: ఎడమ వైపు వెన్ను కండ, ఆఖరి పక్కటెముక దగ్గర. ప్రతి పందికీ అదే చోటు. ఒకే కండలో ముందు భాగానికీ నడుముకూ వెనకకూ కొవ్వు శాతం వేరుగా ఉంటుంది. ఒక పందికి ముందు, ఇంకో పందికి వెనక తీస్తే పోలిక చెల్లదు.

ముక్క: 2.5 సెంటీమీటర్ల మందం. వీపు కొవ్వు, పక్కన అంటిన చిన్న కండలు, వెండి రంగు పొర, అన్నీ కత్తితో గీకేయాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 100 గ్రాముల ముక్కలో ఒక్క గ్రాము వీపు కొవ్వు మిగిలిపోతే ఫలితం 0.8 శాతం పెరుగుతుంది. డ్యూరాక్ సంకరానికీ మీ మామూలు పందికీ ఉన్న తేడాయే 0.9 దగ్గర. ఒక గ్రాము నిర్లక్ష్యంతో అంతా తారుమారు.

పద్ధతి: ముక్క మొత్తం మూడుసార్లు మిన్సర్‌లో వేసి కలపాలి. 5 గ్రాములు తూచి, 102 నుంచి 105 డిగ్రీల ఓవెన్‌లో 16 గంటలు ఆరబెట్టాలి. తడి మిగిలితే కొవ్వును కరిగించే ఈథర్ లోపలికి దిగదు, కొవ్వు తక్కువ వస్తుంది. ఆరాక సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెట్రోలియం ఈథర్‌తో ఆరు నుంచి ఎనిమిది గంటలు తీయాలి. ఈథర్ ఆవిరి చేసి ఫ్లాస్క్ తూచాలి. ఉదాహరణకు నమూనా 5.02 గ్రాములు, వచ్చిన కొవ్వు 0.118 గ్రాములు, శాతం 2.35. ప్రతి నమూనా రెండుసార్లు చేయించండి. రెండింటికీ 0.2 కన్నా ఎక్కువ తేడా వస్తే మిన్సింగ్ సరిగా కలవనట్టు, మూడోది అడగండి.

రిపోర్టు చదివేటప్పుడు పచ్చి మాంసం మీదా, ఎండు పదార్థం మీదా అని చూడండి. పచ్చి మాంసంలో 73 శాతం నీరుంటే, అదే 2.35 శాతం ఎండు లెక్కలో 8.7 అవుతుంది. మార్బ్లింగ్ (కండ కొవ్వు) 8.7 శాతం అని ఎవరైనా రిపోర్టు చూపిస్తే మొదట ఇదే అడగాలి. ఫ్రీజర్‌లో పెట్టి కరిగించిన ముక్కలోంచి నీరు కారిపోతే కూడా శాతం పెరిగినట్టు కనబడుతుంది. పంపేటప్పుడు గాలి తీసిన కవర్‌లో పెట్టండి. కరిగించాక కారిన నీటిని పారబోయకుండా ముక్కతోపాటే మిన్స్ చేయమనండి.

కోసిన 24 గంటల తర్వాత అదే చోట పీహెచ్ చూడండి. 5.5 నుంచి 5.8 మధ్య ఉంటే సరే. పాలిపోయిన మాంసంలో చారలు ఉన్నా కంటికి ఆనవు, కాబట్టి కొనుగోలుదారు లేవన్న ప్రతిసారీ కొవ్వు లేదని కాదు. ముందు పీహెచ్ చూసి మాట్లాడండి.

పోల్చేటప్పుడు మగ, ఆడ కలపకండి. విత్తు కొట్టిన మగవాటిలో కండ కొవ్వు ఆడవాటికన్నా ఎక్కువ ఉంటుంది. బరువు కూడా ఒకటే ఉండాలి. ఐదు కిలోల కన్నా తేడా రానివ్వకండి.

పలమనేరు_ఫారం

సార్, చాలా స్పష్టంగా చెప్పారు. బతికున్న పందికి స్కానింగ్‌తో చూడొచ్చంటారు, అది నమ్మకమేనా? ఇంకోటి, మా మేతలో తప్పేమైనా ఉందా? వీపు 25 ఎందుకు వస్తోంది?

మాంసం_ల్యాబ్

స్కానింగ్ కుదురుతుంది, కానీ మనుషుల పొట్టకు వాడే వంపు ప్రోబుతో కాదు. తిన్నటి, పొడవాటి లీనియర్ ప్రోబు, 3.5 మెగాహెర్ట్జ్ కావాలి. ఆఖరి పక్కటెముక మీదుగా, వెన్నుపూసకు 6 నుంచి 7 సెంటీమీటర్లు పక్కన, ఒంటి పొడవునా పెట్టాలి. వెంట్రుకలు కత్తిరించి వంటనూనె రాయాలి. గాలి బుడగ ఉంటే బొమ్మలో తెల్ల చుక్కలు వచ్చి కొవ్వులా కనబడతాయి. ఒక్కో పందికి కనీసం నాలుగు బొమ్మలు తీసి సగటు వేయాలి. శాతం చెప్పేది సాఫ్ట్‌వేర్, అది లేని మెషీన్‌తో వీపు మందం మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. 90 కిలోలు దాటాకే చేయండి, అంతకు ముందు కండలో కొవ్వు పడి ఉండదు.

మేత_లెక్కలు

మీ వీపు కొవ్వుకు కారణం మీ మేతలోనే ఉంది. చెనక్కాయ పిండి ప్రోటీన్ బాగుంటుంది, 45 శాతం దాకా. కానీ అందులో లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువ, 1.5 శాతమే. సోయా పిండిలో దాదాపు అంతే ప్రోటీన్‌కు లైసిన్ 2.8. కండ కట్టడానికి మొదట అడ్డుపడేది లైసినే.

లెక్క చూడండి. 100 కిలోల మేతలో మొక్కజొన్న 70, చెనక్కాయ పిండి 12, తవుడు 15, మినరల్, ఉప్పు 3. ప్రోటీన్ 13.6 శాతం. లైసిన్: మొక్కజొన్న నుంచి 0.175, చెనక్కాయ నుంచి 0.18, తవుడు నుంచి 0.09, మొత్తం 0.445 శాతం. 60 నుంచి 85 కిలోల యార్క్‌షైర్ రకానికి సుమారు 0.8 కావాలి. సగం కన్నా కాస్త ఎక్కువే అందుతోంది. బస్తా మీద ప్రోటీన్ శాతం చూస్తే ఈ లోటు కనబడదు. లైసిన్ చాలకపోతే మిగతా ప్రోటీన్ కండకు పనికిరాదు, మొక్కజొన్న ఇచ్చిన శక్తి కొవ్వుగా మారుతుంది. పైన చెప్పిన వరస ప్రకారం అది ముందు వీపు మీదికే పోతుంది. ఏడు నెలలకు 85 కిలోలే రావడం కూడా ఇదే చెబుతోంది.

అందుకని పెరిగే దశలో, 30 నుంచి 60 కిలోల దాకా, పూర్తి లైసిన్ ఇవ్వండి: మొక్కజొన్న 62, సోయా పిండి 22, తవుడు 13, మినరల్, ఉప్పు 3, పైన లైసిన్ పొడి 200 గ్రాములు. ప్రోటీన్ 17, లైసిన్ 1.0 వస్తుంది. సోయా ధర మండిపోతుంటే కొంత భాగం చెనక్కాయ పిండి వేసుకోవచ్చు, కానీ అప్పుడు లైసిన్ పొడి పెంచాలి, మెథియోనిన్, థ్రియోనిన్ అనే మిగతా అమైనో ఆమ్లాలు కూడా చూసుకోవాలి. చెనక్కాయలో ఆ రెండూ కూడా తక్కువే.

60 దాటాక సోయా 12, మొక్కజొన్న 70, తవుడు 15. పొడి 300 గ్రాములు వేస్తే లైసిన్ 0.83. అలాగే ఆఖరి ఐదారు వారాల ముందు దాకా నడపండి.

ఆ ఐదారు వారాల్లో పొడి ఆపేయండి. లైసిన్ 0.60కు దిగుతుంది, కావలసినదాని కన్నా పాతిక శాతం తక్కువ. కండ అప్పటికే కట్టి ఉంటుంది, శక్తి మిగులుతుంది, ఆ వయసులో కండ లోపలి కణాలు కొవ్వు అందుకుంటాయి. తూకం పెరగడం కొంత నెమ్మదిస్తుంది, కిలో బరువుకు మేత ఎక్కువ పడుతుంది, వీపు రెండు మూడు మిల్లీమీటర్లు పెరగొచ్చు. కండ కొవ్వు అర శాతం పెరిగితే మంచి ఫలితం. ఇదే లైసిన్ తగ్గింపును చిన్నప్పటి నుంచీ అమలు చేస్తే ఇప్పుడు మీకు వచ్చిందే వస్తుంది: కండ తక్కువ, వీపు ఎక్కువ, చారలు లేవు.

అమ్మే బరువు కూడా 85 నుంచి 100 కిలోలకు జరపాలి. చారలు ఆఖర్న పడేవి, 85 దగ్గర కోస్తే డ్యూరాక్ పిల్లలోనూ పూర్తిగా రావు.

చెనక్కాయ పిండి బూజు పట్టినదైతే కాలేయం దెబ్బతింటుంది, ఎదుగుదల పడిపోతుంది. వానాకాలంలో నేల మీద కాకుండా చెక్క పలకల మీద పెట్టండి, గడ్డ కట్టిన బస్తా వాడకండి. నూనె తీయని తవుడు చివరి దశలో 20 శాతం దాటనివ్వొద్దు. కొవ్వు మెత్తబడి వేలితో నొక్కితే జారిపోతుంది, చాప్స్ కోసేవాళ్లు తిప్పి పంపేస్తారు. హోటల్ మిగులు వాడటం లేదన్నారు, మంచిది. అందులోని నూనె కూడా ఇదే పని చేస్తుంది. సరిగా ఉడికించకపోతే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ప్రమాదం అదనం.

చంద్రగిరి_వెట్

మగపంది టెస్టుకు నమూనా తీసే పద్ధతి. వీపు మీది బిరుసు వెంట్రుకలు 30 నుంచి 40, కుదుళ్లతో సహా పీకాలి. కత్తిరించినవి పనికిరావు, డీఎన్‌ఏ కుదురులోనే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు తీసి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో పెడితే తడి చేరి బూజు పడుతుంది. కవర్ మీద చెవి నంబరు. ఒక పంది పీకాక చేతి గ్లవ్స్ మార్చాలి. రక్తం అయితే ఊదారంగు మూత ట్యూబులో 3 మిల్లీలీటర్లు, గడ్డకట్టకుండా నెమ్మదిగా తలకిందులు చేసి, ఐస్ మీద పంపాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

డబ్బు కట్టక ముందే నమూనా తీయాలి, తీసేటప్పుడు మీరు పక్కనే ఉండాలి. అమ్మేవాళ్లు తామే తీసి పంపిన వెంట్రుకలు ఆ పందివే అనడానికి ఆధారం ఉండదు.

వచ్చిన మగపందిని మందకు దూరంగా కనీసం 30 రోజులు వేరే కొట్టంలో ఉంచండి, దాని పనికి వేరే మనిషి, వేరే చెప్పులు. ఎదకొచ్చిన తల్లులు ఎదురు చూస్తున్నాయని ముందుగా కలపకండి.

పలమనేరు_ఫారం

చాలా థాంక్స్ సార్లందరికీ. ఆఖరి ప్రశ్న. రెండో మగపందిని మళ్లీ కొనకుండా, మా దగ్గరే ఉన్న వాటిలో కండ కొవ్వు ఎక్కువున్న దాన్ని ఎంచుకోగలమా? కొలవాలంటే కోయాలి కదా, కోస్తే మగపంది ఎక్కడుంటుంది?

జన్యుశాస్త్రం_తిరుపతి

అన్నా, తోబుట్టువుల్ని కోసి కొలవాలి. ఒకే ఈతలో పుట్టినవాటిలో సగం జన్యువులు కలుస్తాయి. ఒక్క తోబుట్టువును కొలిస్తే మగపంది అసలు విలువను 0.35 నమ్మకంతో (1 అంటే పూర్తి నమ్మకం) చెప్పొచ్చు. మూడింటిని కొలిచి సగటు తీస్తే 0.5. దాని సొంత కండనే కొలవగలిగితే 0.71 వచ్చేది. కాబట్టి ఎంచాలనుకున్న ప్రతి ఈతలో ఒక మగపిల్లను విత్తు కొట్టకుండా ఆపి, మిగతావాటిలో మూడింటిని 100 కిలోలకు కోసి వెన్ను ముక్క ల్యాబుకు పంపండి. అవి ఎలాగూ అమ్మేవే, ఖర్చు ల్యాబు ఫీజు ఒక్కటే.

ఫలితం ఎంత ఆశించొచ్చంటే, మంద సగటు 1.8 అనుకోండి. సొంతంగా కొలిచి ఎంచిన మగపంది 2.8, తల్లులు సగటువే. తండ్రి వైపు తేడా 1.0, తల్లి వైపు సున్నా, రెండూ కలిపి సగం 0.5. హెరిటబిలిటీ 0.5తో గుణిస్తే పిల్లల్లో 0.25 పెరుగుతుంది. సగటు 2.05. తోబుట్టువుల కొలతతో ఎంచితే ఇంకా తక్కువ. తరానికి ఇంతే కదులుతుంది. డ్యూరాక్ మొదటి తరంలోనే ఇచ్చే 0.95తో పోలిస్తే ఇది చిన్నదే. కాకపోతే డ్యూరాక్ సంకరం మీద మళ్లీ డ్యూరాక్ వాడినా అంతగా పెరగదు, ఎంపికతో వచ్చింది మాత్రం తరం తరం మందలో కూడుతుంది.

వీపు కొవ్వు కూడా పక్కనే రాసుకోండి. కండ కొవ్వు 2.5 శాతం దాటి, వీపు కొవ్వు 18 మిల్లీమీటర్ల లోపు ఉన్న ఈతలు వస్తాయి, ఎక్కువ రావు. అవి దొరికినప్పుడు అందులోని మగపిల్లను వదలకండి. కండ కొవ్వు ఒక్కటే చూసి ఎంచితే వీపు కొవ్వు కూడా మెల్లగా పెరుగుతుంది, ఆ 0.2 నుంచి 0.4 సంబంధం ఉంది కాబట్టి.

మగపంది కూతుళ్లను అదే మగపందితో దాటించొద్దు, దగ్గరి రక్తం కొలత 0.25 పడుతుంది. పిల్లల సంఖ్య, బతికే శాతం రెండూ పడిపోతాయి. 22 తల్లులకు రెండు మగపందులు ఉంచుకుని, ఏ తల్లికి ఏది దాటిందో చెవి నంబర్లతో పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం లేకపోతే ల్యాబు నుంచి వచ్చిన 2.6 ఏ మగపందిదో చెప్పలేం, మళ్లీ మొదటి నుంచి కోసి కొలవాల్సి వస్తుంది.